కుర్చీలోనుండి లేచుట



గృహ దర్శనములకు వెళ్లినప్పుడు పెద్దలు మాతో తరచుగా అనుమాట ఇది: “అయ్యగారూ, చావంటే భయం లేదండి. మంచాన పడి ఒకరిచేత చేయించుకోవాలంటేనే భయం.”

ఆ భయము తగ్గవలెనంటే కాళ్లలో సత్తువ నిలువవలెను. వయస్సుతో కండ తరుగును; కదలక కూర్చున్న యెడల మరింత త్వరగా తరుగును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారము 65 ఏండ్లు దాటినవారికి వారమునకు కనీసము 150 నిమిషముల చురుకైన నడక, 2 దినములు కండబలమునకు, 3 దినములు తూలిపడకుండుటకు వ్యాయామము కావలెను. కుర్చీని గోడకు ఆనించి, చేతుల ఊతము లేక లేచి కూర్చుండుటతో ప్రారంభింపుడి. మొదట అయిదు మార్లు చాలును.

ఇక భోజనము. పప్పుతో ఒకమారు, పులుసుతో ఒకమారు, పెరుగుతో ఒకమారు మన కంచములో అన్నమే! అన్నము మాని సంకటి తినుచున్నామని కొందరు సంతోషింతురు గాని రాగులలోను, జొన్నలలోను సుమారు మూడింట రెండు వంతులు పిండిపదార్థమే. ధాన్యము మార్చినంత మాత్రమున చాలదు, కొలత తగ్గవలెను. ఆ చోట కూర, గ్రుడ్డు, చేప, పెసలు చేరవలెను. మేమును రెండవమారు అన్నము వడ్డించుకొనువారమే. మీ ఇండ్లలో పంచదార టీ వద్దనుట మాకును కష్టమే.

ఒక హెచ్చరిక. చక్కెర వ్యాధికి ఇన్సులిన్‌గాని కొన్నిరకముల మాత్రలుగాని వాడువారు అన్నము హఠాత్తుగా తగ్గించినచో రక్తములో చక్కెర పడిపోయి, చెమటలు పట్టి, కళ్లు తిరిగి పడిపోవుదురు. ముందుగా వైద్యునితో చెప్పి మందు మోతాదు సరిచేయించుకొనుడి. మూత్రపిండముల జబ్బు గలవారు పప్పు, గ్రుడ్లు పెంచుటకు ముందు తప్పక అడుగుడి.