వకీలు ఫీజుకి అప్పు రాసేముందు



మన అచ్చంపేట మండలంలో ఇంట్లో మొగాడినో, పిల్లోడినో కేసులో పట్టుకెళ్తే ముందు మెడలో బంగారం తాకట్టుకి పోద్ది. తర్వాత సంఘంలో తీసిన అప్పు కూడా వకీలు ఫీజుకే పోద్ది. అందుకే ఈ నాలుగు మాటలు చెప్తున్నా.

1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షను ప్రకారం ఆడవాళ్ళకి, ఎస్సీ, ఎస్టీలకి, కస్టడీలో ఉన్నవాళ్ళకి ఆదాయం ఎంతున్నా వకీలుని ఉచితంగా ఇవ్వాలి. 2022లో ఇంకో పథకం వచ్చింది. క్రిమినల్ కేసుల్లో ముద్దాయి తరఫున వాదించడానికే జీతం మీద వకీళ్ళని పెడతారు. వాళ్ళు బయట సొంత కేసులు చేయకూడదు.

మరి వాళ్ళ పని చూసేదెవరు? మన లీడర్ని సభ్యులు, సభ్యుల్ని గ్రామ సంఘం, గ్రామ సంఘాన్ని మండల సమాఖ్య అడిగినట్టే అక్కడా మెట్లున్నాయి. జిల్లా సంస్థకి జిల్లా జడ్జిగారు అధ్యక్షులు. రోజువారీ పని సెక్రటరీగారు చూస్తారు. ఆ పైన రాష్ట్ర సంస్థ ఉంటది. పోలీసులు గాని, కేసు పెట్టినవాళ్ళు గాని ఆ వకీలుకి పైవాళ్ళు కారు. మనకి ధైర్యం అదే.

అయితే మినిట్స్ పుస్తకంలో రాయని మాటకి లెక్కుండదు గదా. ఆ వకీలు డబ్బులడిగినా, వాయిదాకి రాకపోయినా తేదీ వేసి సెక్రటరీగారికి కాగితం ఇవ్వాలి. మనం నోరు మూసుకుంటే పైవాళ్ళకి ఎట్టా తెలుస్తది?

మనకి దగ్గర సత్తెనపల్లి కోర్టు. ఫోన్ అయితే 15100. ప్రతి సంఘం ఈ నంబరు పుస్తకం మొదటి పేజీలో రాసుకోవాలి. వకీలు ఫీజుకని ఎవరన్నా అప్పు అడిగితే, ముందు అక్కడ దరఖాస్తు పెట్టించి, ఆ తర్వాతే తీర్మానం రాద్దాం.