వర్తకమున తారతమ్య లాభము



అన్ని పనులను మనకంటె నేర్పుతో చేయువానితో మనకు వర్తకమేల యని పలువురు సందేహింతురు. ఇతరులు తక్కువ వ్యయముతో చేయు వస్తువును ఇంట చేసికొనుట వివేకము గాదని 1776వ సంవత్సరమున ఆడమ్ స్మిత్ వ్రాసెను. ఆ మేలునకు నిరపేక్ష లాభమని పేరు. మరి అన్నిటను వెనుకబడినవాని గతి యేమి? దీనికి 1817వ సంవత్సరమున డేవిడ్ రికార్డో సమాధానము చెప్పెను.

ఆయన లెక్క యిది. పోర్చుగలు దేశమున కొంత ద్రాక్షసారాయి తీయుటకు 80 మంది, దానికి సరితూగు వస్త్రము నేయుటకు 90 మంది ఒక యేడు పనిచేయవలెను. ఇంగ్లండులో సారాయికి 120 మంది, వస్త్రమునకు 100 మంది కావలెను. రెండింటను పోర్చుగలే మేటి. అయినను ఇంగ్లండు రెండుపాళ్లు వస్త్రమే నేసి, పోర్చుగలు రెండుపాళ్లు సారాయియే తీసి, ఒక పాలునకు ఒక పాలు మార్చుకొన్నచో, ఇంగ్లండునకు 220 మంది పని 200 మందితోను, పోర్చుగలునకు 170 మంది పని 160 మందితోను తీరును. ఇరువురకును లాభమే! ఇదియే తారతమ్య లాభము. ఒక పనికై మనము విడుచుచున్న దెంత యనునదే దీని మూలము.

మన మొగుళ్లపల్లి పొలములయందును ఈ లెక్క చెల్లును. చెరువు క్రింది మాగాణిలో వరి మాని ప్రత్తి వేసినచో విడుచునది యెక్కువ. నీరందని చేనిలో వేసినచో విడుచునది తక్కువ. ఆ ప్రత్తిని వరంగల్లు ఎనుమాముల మార్కెట్టున నమ్మి, మన నేల పండనివానిని కొనుట న్యాయమే.

కాని రికార్డో లెక్కలో పురుగు లేదు, వడ్డీ లేదు. 1997-98 సంవత్సరములలో అప్పటి వరంగల్లు జిల్లాయందు పురుగుపట్టి ప్రత్తి నాశనము కాగా, ఋణభారమున కోర్వలేక అనేకులగు రైతులు ప్రాణములు తీసికొనిరి. అప్పు తెచ్చి ఒక్క పంటనే నమ్ముకొన్నవానికి, పంట పోయిన యేట మరియొక ఆధారము లేకపోయెను.

కావున విత్తుటకు ముందు పెద్దలు మూడు లెక్కలు వేయింపుడు. ఈ పంటకై విడుచున దేమి? అమ్మకపు ధరలో ఖర్చులును వడ్డీయును పోను మిగులున దెంత? పంట చెడినచో ఇంట తిండిగింజ లుండునా? మూడవ లెక్క కుదరనిచో, మొదటి రెండును ఎంత లాభము చూపినను, కొంత నేలను జొన్నకో పెసరకో విడిచిపెట్టుట క్షేమము.