ప్రార్థన పట్టీలో పేరుంది, కూలి పట్టీలో లేదు

(కదిరి ప్రాంతంలో వలస కుటుంబాల సమావేశంలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

చెనిక్కాయ పీకడం అయిపోతూనే మన గేరి సగం ఖాళీ అవుతుంది. కొందరు బెంగుళూరు బస్సెక్కుతారు, కొందరు కేరళ పోతారు. ముసలోళ్లూ బడి పిల్లలూ మిగుల్తారు. ఇది మాకు కొత్త కాదు, మీకూ కొత్త కాదు. ఈరోజు మేం మాట్లాడేది వలసపోయిన చోట మనల్ని పలకరించే చర్చి గురించి. చర్చిని తిట్టడానికి రాలేదు, పొగడడానికీ రాలేదు.

లండన్ మిషన్ దొరలు 1810లో బళ్లారిలో దిగినారు. తర్వాత కడప, గుత్తి, అనంతపురం వచ్చినారు. మొదట పెద్దకులాల వాకిళ్లు తట్టినారు. అక్కడ తలుపు తెరుచుకోలేదు. వచ్చింది మాలలు, కొన్నిచోట్ల మాదిగలు. 1876-78లో ధాత కరువు వచ్చింది. అనంతపురం అప్పటికి బళ్లారి జిల్లాలోది, మన కదిరి కడప జిల్లాలోది. రెండు జిల్లాల్లోనూ ముందు పడిపోయింది వెలివాడలే. భూమి లేదు, గాదె లేదు, అప్పిచ్చేవాడు లేడు.

అదే కరువులో ఒంగోలులో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. ఊరు మనది కాకపోయినా కరువు ఒకటే, కులం ఒకటే. అక్కడ అమెరికన్ బాప్టిస్టు మిషన్ దొర క్లౌ, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం తనే కాంట్రాక్టు తీసుకున్నాడు. ఊళ్లు వదిలి వచ్చిన మాదిగ కుటుంబాలను ఆ పనిలో పెట్టినాడు. మాదిగ బోధకులే పనిమీద అజమాయిషీ చేసినారు. అక్కడ గంజి ముంత పట్టుకుని నిలబడే పని లేదు. మట్టి మోసినవాడికి కూలి, తిట్టే రెడ్డి లేడు. ఇంకో మాట. కరువు సాయం సాగినన్నాళ్లూ ఆయన కొత్తగా బాప్తిస్మాలు ఇవ్వలేదు, తిండి కోసం మతం మారినారనే మాట రాకూడదని. సాయం ఆగినాకే 1878 జూలై 3న ఒక్కరోజున 2,222 మందికి ఇచ్చినారు. తిండి కోసం మారినారని ఇప్పటికీ మన ముఖం మీద అనేవాళ్లకు ఈ లెక్క చెప్పండి.

మన జిల్లాలో 1969లో వచ్చిన ఫెర్రర్ సంగతి మీకు తెలిసిందే. మరుసటి ఏడే ఆయన జెసూట్ సభ వదిలేసినాడు, అయినా జనం చివరిదాకా ఫాదర్ అనే పిలిచినారు. ఆర్డీటీ మన గేరుల్లో ఇళ్లు కట్టింది, బడి పెట్టింది, బత్తలపల్లిలో ఆసుపత్రి కట్టింది. మతం చెప్పలేదు. దాన్ని చర్చి ఖాతాలో వేయడం సరికాదు.

ఇప్పుడు బెంగుళూరు సైటుకు వద్దాం. రేకుల షెడ్లు, నీళ్ల ట్యాంకరు, పక్కన మురుగుకాలువ. చుట్టూ కన్నడం. ఆదివారం సాయంత్రం మన భాషలో పలకరించేవాడు ఒక్క పాస్టరయ్యే. ఆయనా చాలాచోట్ల మన గేరివాడే, వారమంతా గార పనికి పోయేవాడే. జ్వరమొస్తే ఆసుపత్రికి తోడొచ్చేది, శవాన్ని ఊరికి చేర్చడానికి చందాలెత్తేది ఆ కూడికే. మేస్త్రీ రాడు, కాంట్రాక్టరు రాడు, మనం ఓట్లేసిన ఎమ్మెల్యే అసలే రాడు. ఈ మేలును తక్కువ చేసి మాట్లాడేవాడు ఆ షెడ్డులో ఒక్క రాత్రి పడుకుని మాట్లాడాలి.

అయితే ఆ కూడికలో పక్కపక్కన కూర్చున్న రెండు కుటుంబాలను చూడండి. ఒకటి తండా నుంచి వచ్చిన సుగాలీలది, ఇంకొకటి మాదిగలది. ఇద్దరూ ఒకే రోజు నీళ్లలో మునిగినారు. సుగాలీ కుటుంబానికి ఎస్టీ సర్టిఫికెట్ అట్లనే ఉంటుంది, ఎస్టీకి మతంతో పని లేదు. మాదిగ కుటుంబానికి ఎస్సీ పోతుంది, మన రాష్ట్రంలో బీసీ-సీ అవుతుంది, ఒక్క శాతంలో పడుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు అట్ల రాసింది. 1956లో సిక్కులను కలిపినారు, 1990లో బౌద్ధులను కలిపినారు, క్రైస్తవ దళితులను గుమ్మం బయటే నిలబెట్టినారు. 2023 మార్చిలో మన అసెంబ్లీ ఎస్సీ హోదా ఇవ్వమని తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. 2025లో మన హైకోర్టు, క్రైస్తవుడైనవాడు అట్రాసిటీ చట్టం కింద రక్షణ అడగలేడని చెప్పింది. మతం మారితే తిట్టేవాడు తిట్టు మారుస్తాడా? బావి దగ్గర గ్లాసు మారుతుందా?

ఈ సంగతి నీళ్లలోకి దించే ముందు చెప్పే బాధ్యత పాస్టరయ్యలది. చెప్పినాక ఎవరి నమ్మకం వాళ్లిష్టం, అది రాజ్యాంగం ఇచ్చిన హక్కు.

రెండో సంగతి. కూడికకు ఎవరొచ్చినారో, ఎవరు దశమభాగం ఇచ్చినారో పాస్టరయ్య దగ్గర పట్టీ ఉంది. ఎవరు ఎన్నిరోజులు పని చేసినారో మన దగ్గర ఏ పట్టీ లేదు, మేస్త్రీ నోట్లో ఉంది. 1979లో వచ్చిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కింద కాంట్రాక్టరు ప్రతి కూలీకి ఫోటో అంటించిన పాస్‌బుక్కు ఇవ్వాలి. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ వచ్చింది. ఇన్నేళ్లలో ఆ పాస్‌బుక్కు కళ్లజూసినవాళ్లు చెయ్యెత్తండి అని ఇందాక అడిగినాం. ఒక్క చెయ్యీ లేవలేదు.

కాబట్టి మేం అడిగేది చిన్నది. ప్రార్థన పట్టీ పక్కనే ఇంకో నోటుబుక్కు పెట్టండి. ఇంటి పెద్ద పేరు, పోయిన ఊరు, మేస్త్రీ పేరు, ఫోన్ నంబరు, తీసుకున్న అడ్వాన్సు, ఒప్పుకున్న కూలి, వెంటపోయిన పిల్లల వయసు రాయండి. చర్చికి రానివాళ్లవీ రాయండి, హనుమంతుడికి మొక్కేవాళ్లవీ రాయండి. రాయడం వచ్చిన పిల్లలు ప్రతి గేరిలో ఉన్నారు. క్రిస్మసుకు జనం ఇంటికొస్తారు, మూడు నాలుగు రోజులుంటారు. డిసెంబరు 24 రాత్రి కూడిక అయినాక మొదలుపెట్టి, వాళ్లు తిరిగి బస్సెక్కేలోపు రాయాలి. ఒక ప్రతి చర్చిలో ఉంచండి, ఇంకొకటి సంఘానికి పంపండి.