అంతర్జాలమునకు రెండు దారులు



పూర్వము ఊరికి వార్త తపాలా బంట్రోతు సంచిలో వచ్చెడిది. నేడు పిల్లల పరీక్షా దరఖాస్తులు, రైతుల భూమి పత్రములు, వృద్ధుల బ్యాంకు లెక్కలు సన్నని గాజుతీగ వెంట వచ్చుచున్నవి. ఆ తీగ తెగిననాడు ఊరు మూగవోవును. మా గ్రంథాలయమున నొక బాలిక పరీక్షా రుసుము చెల్లింప గూర్చున్న కడపటి దినముననే కాలువ త్రవ్వు యంత్రము తీగను తెంచినది. ఆమె కొక సంవత్సరము వ్యర్థమయ్యెను. ఆ దుఃఖమే మాచేత రెండవ దారిని వెదకించినది.

ఇంటిలోని ఫోనులకును, కంప్యూటరులకును, బయటి జాలమునకును నడుమ నిలిచి, ఏ సమాచారము ఎటు పోవలయునో నిర్ణయించు పెట్టెకు రౌటరని పేరు. సామాన్యముగా దానికి బయటి తీగ వచ్చు ద్వార మొక్కటియే యుండును. దానిని వ్యాన్ అందురు. అట్టి ద్వారములు రెండు గల రౌటరులును గలవు. వానిని అమర్చునపుడు గమనింపవలసిన విషయములను విన్నవింతును.

మొదటిది, దారుల యెన్నిక. రెండు తీగలును ఒకే స్తంభముపై వచ్చినచో, అది కూలిననాడు రెండును కూలును. ఒకే బావిలో రెండు చేదలు వేసిన వానికి, బావి యెండినపుడు ఏమి లాభము? కావున మొదటిది గాజుతీగ యైనచో, రెండవది సిమ్ముతో పనిచేయు 4జీ మోడెము మేలు. ఆ టవరునకును అదే తీగ వచ్చుచున్నదేమో ముందుగా నడిగి తెలిసికొనవలయును.

రెండవది, చిరునామా. రెండు మోడెములును 192.168.1.1 అను నొకే చిరునామాతో వచ్చుట కద్దు. ఒకే వీధిలో రెండిండ్లకు నొకే సంఖ్య యున్నచో ఉత్తరము త్రోవ తప్పును గదా! ఒకదానిని 192.168.2.1గా మార్చి, రౌటరు ఇంటివైపునకు 192.168.10.1 వంటి వేరు చిరునామా నీయవలయును.

మూడవది, పద్ధతి. రెండు దారులను ఒక్కసారిగా వాడుట లోడ్ బ్యాలెన్సు. ఇందు పలువురి పని రెండు దారులకు పంచబడునే కాని, సాధారణముగా ఒక్కని పని రెట్టింపు వేగముతో సాగదు. మధ్యలో దారి మారినచో బ్యాంకువారి పేజీ అనుమానించి మనలను వెలుపలికి పంపవచ్చును. మొదటిది చెడినప్పుడే రెండవదానిని వాడుట ఫెయిలోవరు. సిమ్ము డేటా మితమైనది కావున మన పల్లెల కిదియే తగును.

నాలుగవది, పరీక్ష. తీగ ఊరి వెలుపల తెగినను, ఇంటిలోని మోడెము పలుకుచునే యుండును. కావున రౌటరు దూరమందలి 8.8.8.8, 1.1.1.1 అను చిరునామాలను కొన్ని క్షణముల కొకమారు పలుకరించునట్లు చేయవలయును. రెంటినుండియు పలుమారులు బదులు రానపుడే దారి మార్చవలయును. మార్పువేళ నడుచుచున్న చెల్లింపు తెగవచ్చును. మరల చెల్లించుటకు ముందు బ్యాంకు లెక్క చూచుకొనుట మరువకుడు.

కరెంటు పోయినచో రెండు దారులును మూతపడును. రౌటరునకును, మోడెములకును బ్యాటరీ యుండవలయును. సిమ్ము గడువు తీరకుండ చూచుకొనవలయును. నెల కొకమారు మొదటి తీగను చేతితో నూడదీసి, రెండవది యందుకొనుచున్నదో లేదో చూడుడు. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దలన్న మాట ఈ పెట్టెకును చెల్లును.

సెలవు.