కొలతను ఒప్పుకొనిన డీను

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లుగ చదువరులకు చోటు కల్పించుచున్న గ్రంథాలయపు ఉత్సవమున, చదువుకొనినవారికి చోటు కల్పించిన యొక డీను కథ చెప్పుకొనుట ఉచితము. విశ్వవిద్యాలయములలో వైస్‌ఛాన్సలరు పేరు నలుగురికిని తెలియును. డీను పేరు గేటు దాటి వెలుపలికి రాదు. అయినను ఆచార్యుల నియామకములు, జీతములు, పరిశోధనకు గదులు, ధనము, ఇవి యెల్ల చాలవరకు డీను చేతిమీదుగనే నడచును. ఒక పండితుని విద్య ఫలించుటయు ఎండిపోవుటయు ఆయన న్యాయబుద్ధిని బట్టి యుండును.

రాబర్ట్ బర్జెనో 1942లో కెనడా దేశమందలి టొరాంటో నగరమున సామాన్య కుటుంబములో జన్మించెను. ఆ యింట ఉన్నత పాఠశాల చదువు ముగించినవారిలో ఆయనయే మొదటివాడు. యేల్ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రమందు డాక్టరు పట్టము పొంది, 1975లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో, అనగా ఎం.ఐ.టి.లో, ఆచార్యుడయ్యెను. 1991లో అచ్చటి విజ్ఞానశాస్త్ర విభాగమునకు డీను అయ్యెను. గణిత, భౌతిక, రసాయన, జీవశాస్త్రములు మొదలుగా ఆరు శాఖలు ఆ విభాగములోనివి.

అచ్చటనే నాన్సీ హాప్కిన్స్ అను విదుషి 1973 నుండి జీవశాస్త్రాచార్యురాలుగ నుండెను. కాన్సరు కలిగించు వైరసులను పరిశోధించి పేరు గడించిన పిమ్మట, చారల చేపలపై నూతన పరిశోధన ఆరంభించెను. చేపలకు తొట్లు కావలెను; తొట్లకు చోటు కావలెను. ఆమె యడిగినది 200 చదరపు అడుగులు. ఊరిలో ఒక గదికి పట్టునంత నేల! అదియును లభింపలేదు. తన ప్రయోగశాల తక్కినవారి వానికన్న చిన్నదని చెప్పిన ఎవరును నమ్మలేదు. అంతట ఆమె రాత్రివేళ కొలత టేపు చేతబట్టి ప్రయోగశాలల నొక్కొక్కటిగ కొలిచి కాగితముపై వేసికొనెను. క్రొత్తగ చేరిన యువకుల గదులు సైతము ఆమె గదికన్న పెద్దవిగ తేలెను. గొలుసు పట్టి చేలు కొలిచిన గ్రామమున ఈ రాత్రికొలత భావమును విప్పి చెప్ప నక్కరలేదు. గట్టు జరిగినదని నోటితో నెంత చెప్పినను తగవే. కొలత కాగితము వచ్చిన పిదప తగవు స్వరూపము మారును.

ఆమె అధ్యక్షునికి లేఖ వ్రాసి, పంపుటకు ముందు తోటి ఆచార్యురాలు మేరీలూ పార్డ్యూకు చూపెను. ఆమె చదివి, తానును సంతకము చేయుదు ననెను. అంతవరకు ప్రతి విదుషియు ఈ చిక్కు తన యొక్కతెదే యని తలంచుచుండెను. 1994లో ఆ విభాగమున పురుషాచార్యులు 252 మంది. స్త్రీలు 22 మంది. నూటికి ఎనిమిది. పదియేండ్లకు పైబడి ఆ యంకె కదలలేదు. స్థిరపదవి గల స్త్రీలు 16 మంది సంతకములు చేసి డీను కడ కేగిరి.

ఇట్టి వేళ అధికారికి సులభమైన మార్గ మొకటి కలదు. వినతి పుచ్చుకొని, పరిశీలింతుమని పలికి, బల్లసొరుగున పెట్టుట. బర్జెనో అట్లు చేయలేదు. ఒక్కొక్కరు చెప్పినదానిని విని నమ్మెను. నమ్ముట యనగా, తాను మూడేండ్లుగ పెద్దయై యున్న యింటనే తప్పు జరుగుచున్నదని ఒప్పుకొనుట. శాఖాధిపతులలో కొందరికి విచారణ సంఘము రుచింపలేదు. వారిని సమాధానపరచి, 1995లో హాప్కిన్స్ అధ్యక్షతను సంఘమును నడపించెను. అందు పురుషులును ఉండిరి. 1990లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము పొందిన జెరోమ్ ఫ్రీడ్మన్ వారిలో నొకడు. స్త్రీల మొరను స్త్రీలే విచారించుకొనిరను ఆక్షేపణకు తావు లేకపోయెను. జీతములు సవరించుటకును, గదులు కల్పించుటకును డీను తుది నివేదిక కొరకు వేచియుండలేదు.

నివేదిక 1999 మార్చిలో వెలువడెను. అందలి యొక సంగతి ఆలోచింపదగినది. వయసున చిన్నవారైన ఆచార్యురాండ్రు తమకు వివక్ష లేదనిరి. పెద్దవారును తమ చిన్నతనమున అట్లే తలంచిరట! ఎవరును పగబట్టి చేసినది కాదు, అలవాటు చేసిన పని. అధ్యక్షుడు చార్లెస్ వెస్ట్, ఇందు సగము వాస్తవము సగము భావన యని తాననుకొంటిననియు, వాస్తవమే హెచ్చని యిప్పుడు గ్రహించితిననియు బహిరంగముగ వ్రాసెను. ఒక మహావిద్యాలయము తన లోపమును తానే అచ్చొత్తించుట పత్రికలకు పెద్ద వార్త అయ్యెను.

డీను పట్టుబట్టిన ఆ యేండ్లలో స్త్రీల సంఖ్య పెరిగెను. 2000లో ఆయన టొరాంటో విశ్వవిద్యాలయమునకు అధ్యక్షుడై వెడలిన పిమ్మట కొన్నియేండ్లు ఆ పెరుగుదల నిలిచిపోయెను. ఒక మనిషి పట్టుదల ఎంత పని చేయునో, ఆ పని యొక మనిషిపైననే ఆధారపడిన నేమగునో రెండును దీనివలన తెలియుచున్నవి.

2004 నుండి 2013 వరకు ఆయన కాలిఫోర్నియాలోని బర్కిలీకి ఛాన్సలరుగ నుండెను. సమత్వ వ్యవహారములకై ప్రత్యేకముగ నొక వైస్‌ఛాన్సలరు పదవిని అచ్చట నెలకొల్పెను. కాని అచ్చటనే 2011 నవంబరులో, ప్రదర్శన చేయుచున్న విద్యార్థులపై పోలీసులు లాఠీలు ప్రయోగించిరి. ఆ నింద ఆయనను వెంబడించి, 2014లో హావర్‌ఫర్డ్ కళాశాల స్నాతకోత్సవమునకు పోక మానవలసివచ్చెను. ఆచార్యుల మొర విన్నంత ఓపికతో విద్యార్థుల మొర వినలేదా యని అడిగినవారికి సమాధానము చెప్పుట కష్టమే.

హాప్కిన్స్ చేపల మాట మిగిలినది. ఆమెకు చోటు దొరికెను, తొట్లు వెలసెను. 2004లో ఆమెయు ఆమె సహచరులును, ఆ చేప తొలిదశలో సరిగ పెరుగుటకు ఆవశ్యకములైన జన్యువులు 315 గుర్తించినట్లు ప్రకటించిరి.