అక్కడ చెయ్యి పట్టుకునేదెవరు?

(మేడ్చల్‌లో వికలాంగ విద్యార్థినులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇందాక టీ తాగేటప్పుడు ఒక తల్లి నన్నడిగారు: "మా అమ్మాయికి చూపు లేదు. పై చదువుకి విదేశం వెళ్తానంటోంది. అక్కడ చెయ్యి పట్టుకునేదెవరు మేడమ్?" మీ అమ్మాయి మేడ్చల్ బస్టాండుకైనా ఒంటరిగా వెళ్ళిందా అనడిగాను. లేదన్నారు. "అదే మగపిల్లాడైతే పంపేవాళ్ళం" అని కూడా ఆవిడే అన్నారు.

మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ కథ మీలో చాలామందికి తెలుసు. చూపు లేనివాళ్ళకి ఇంటర్‌లో సైన్సు ఇవ్వమంటే కోర్టుకెళ్ళి గెలిచాడు. 2009లో అమెరికాలో ఎం.ఐ.టి.లో చేరాడు. 2024లో ఆయన జీవితం సినిమాగా కూడా వచ్చింది. మనకెంతో గర్వకారణం. కానీ సామాజిక శాస్త్రం చదివినదాన్ని గనక నాకో ప్రశ్న వస్తుంది: అలాంటి ఆడపిల్లకి గడప దాటడానికే ఎన్ని కోర్టులు కావాలి? రక్షణ పేరుతో మనం పెట్టే ఆంక్షలు ఏ చట్టంలోనూ రాసి ఉండవు. అందుకే వాటిమీద అప్పీలు కూడా లేదు.

విదేశ ప్రయాణానికి తయారీ వీసాతో మొదలవదు, తెల్లకర్రతో మొదలవుతుంది. చూపు లేనివారు రోడ్డు దాటేది వాహనాల చప్పుడును బట్టి. ఇక్కడ రోడ్డంచున నిలబడితే దగ్గరి వరసలో బండ్లు కుడివైపు నుంచి వస్తాయి. అమెరికాలో ఎడమవైపు నుంచి వస్తాయి. మంచు కురిస్తే చప్పుడు మందగిస్తుంది, రోడ్డంచు కర్రకు తగలదు. ఇక్కడ ఒంటరిగా నడవని పిల్ల అక్కడ ఒక్కసారిగా ఎలా నేర్చుకుంటుంది? వంట, బ్యాంకు లెక్కలు, కంప్యూటరులో స్క్రీన్ రీడర్ కూడా అంతే. ఎన్.వి.డి.ఎ. అనే స్క్రీన్ రీడర్ ఉచితంగానే దొరుకుతుంది.

అమెరికాలో 1973, 1990 చట్టాల ప్రకారం వికలాంగ విద్యార్థులకు తగిన ఏర్పాట్లు చేయడం విశ్వవిద్యాలయాల బాధ్యత. కానీ విద్యార్థిని తానే అడగాలి, తల్లిదండ్రులు కాదు. బ్రిటన్‌లో ప్రభుత్వమిచ్చే వికలాంగ విద్యార్థుల భత్యం సాధారణంగా విదేశీయులకు రాదు. కాబట్టి సీటు ఒప్పుకోకముందే ఏ పుస్తకాలు ఏ రూపంలో ఇస్తారో, పరీక్షలో అదనపు సమయమెంతో ఉత్తరం రాసి, రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి.

ఇవి ఎవరి దయాదాక్షిణ్యాలూ కావు. ఇక్కడికి దగ్గర్లోనే, శామీర్‌పేటలోని నల్సార్‌లో పనిచేసిన అమితా ధండా గారు ఐక్యరాజ్య సమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక రూపకల్పన చర్చల్లో పాల్గొన్నారు. 2007లో మన దేశం దాన్ని ఆమోదించింది. వికలాంగ స్త్రీలది బహుముఖ వివక్ష అని అందులో 6వ అధికరణం గుర్తించింది. మన ఇళ్ళు ఇంకా గుర్తించలేదు.

చివరిగా నా తప్పొకటి ఒప్పుకోవాలి. ఆ తల్లి అడిగినప్పుడు అమ్మాయి పక్కనే ఉంది. నేను కూడా ప్రశ్నలన్నీ తల్లినే అడిగాను. ఏం చదవాలనుందో, దేనికి భయపడుతోందో ఆ పిల్లని అడగనేలేదు. కనుక నేనిక్కడ ఆపి, మైకు ఆమెకిస్తున్నాను.