శరణార్థియు, న్యాయసమీక్షయు

గోదావరిఖని, రామగుండం ప్రాంతములలో మెడికల్ బోర్డు అను మాట యెరుగని కార్మిక కుటుంబ ముండదు. జబ్బుపడిన కార్మికుడు గనిపనికి తగునా, తగడా యని నిర్ణయించునది ఆ బోర్డే. ఆ నిర్ణయముపై ఎవరైన హైకోర్టు కెక్కినచో, న్యాయమూర్తి రోగి నాడి పట్టి చూడడు. బోర్డు కాగితములన్నియు పరిశీలించినదా, కార్మికుని మాట విన్నదా, నిబంధనలకు లోబడి నడచినదా యనియే విచారించును. లోపము కనబడిన, నిర్ణయమును కొట్టివేసి మరల పరిశీలింపు డని పంపును. దీనినే న్యాయసమీక్ష యందురు.

ఈ సూత్రమే శరణార్థికి ప్రాణాధార మగుచున్నది. మన తెలుగువారు పెక్కుమంది స్థిరపడిన ఆస్ట్రేలియానే చూతము. స్వదేశమున హింసకు గురియగుదునని భయపడువాడు అచ్చట 1958 నాటి వలస చట్టము క్రింద రక్షణ వీసా కోరవచ్చును. అధికారి నిరాకరించినచో, 2024 అక్టోబరు 14న పని ప్రారంభించిన పరిపాలనా సమీక్షా ట్రిబ్యునలు ఆ దరఖాస్తును మరల మొదటినుండి విచారించును. అచ్చటను ఓడినవాడు సాధారణముగ 35 దినములలో ఫెడరల్ న్యాయస్థానము నాశ్రయింపవలెను. ఆ న్యాయమూర్తి వీసా ఈయజాలడు. ట్రిబ్యునలు తన పరిధి మీరినదా యనియే చూచును.

ఈ తలుపునుకూడ మూయుటకు 2001లో ఆ దేశపు పార్లమెంటు పూనుకొన్నది. కాని పరిధి మీరిన నిర్ణయము చట్టరీత్యా చేసిన నిర్ణయమే కాదనియు, కావున ఆ నిషేధము దానికి వర్తింపదనియు 2003లో అచ్చటి అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది.

మన దేశము 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై సంతకము చేయలేదు. అయినను మన రాజ్యాంగపు 21వ అధికరణము పౌరునకే గాక ప్రతి వ్యక్తికిని ప్రాణరక్షణ నొసగుచున్నది. అరుణాచల ప్రదేశ్‌లోని చక్మాల వ్యాజ్యములో 1996లో సుప్రీంకోర్టు ఈ మాటనే చాటినది. వారి పౌరసత్వపు దరఖాస్తులను స్థానికాధికారులు తమ కడనే నిలుపక కేంద్రమునకు పంపవలెననియు, అవి తేలువరకు వారిని వెళ్లగొట్టరాదనియు ఆదేశించినది.

గెలిచిన శరణార్థికి దక్కునది వీసా కాదు, మరల వినబడు అవకాశము మాత్రమే. ఇంత స్వల్పమైన దానికై ఇన్ని న్యాయస్థానము లేల యని కొంద రడుగుదురు. మా సమాధాన మిది: బోర్డు పొరబడినచో కార్మికునికి బ్రతుకుతెరువు పోవును, కాని అతడు మరల అర్జీ పెట్టుకొనగలడు. పొరబాటున వెనుకకు పంపబడిన శరణార్థి అర్జీ పెట్టుటకు మిగిలియుండకపోవచ్చును.